బీ1 ప్రిలిమినరీ రీడింగ్: ఆరో పార్ట్ ముందు చేస్తే మేలా?

కేంబ్రిడ్జ్ వారి ఇంగ్లిష్ పరీక్ష బీ1 ప్రిలిమినరీకి తయారవుతున్నాను. రీడింగ్‌లో 45 నిమిషాలకు 32 ప్రశ్నలు, ఆరు పార్టులు. చిక్కల్లా చివరిదానితోనే. ఆరు ఖాళీలు, ఆప్షన్లు ఉండవు, ఒక్కో ఖాళీలో ఒకే మాట రాయాలి. ఐదో పార్ట్‌లో నాలుగేసి ఆప్షన్లుంటాయి కాబట్టి ఎలాగో నెట్టుకురావచ్చు. ఆరో పార్ట్‌లో అడిగేవి ఎక్కువగా ఆర్టికల్స్ (a, an, the), ప్రిపోజిషన్లు (in, on, at లాంటివి), సహాయక క్రియలు. ఆర్టికల్స్ మన భాషలో లేవు, ప్రిపోజిషన్ల పని విభక్తులు చేసేస్తాయి. అందుకే ఖాళీలో ఏ రకం మాట కావాలో చప్పున తట్టదు. స్పెల్లింగ్ తప్పితే ఆ మార్కూ పోతుంది.

పైగా నాలుగో పార్ట్ సమయమంతా మింగేస్తుంది: ఐదు ఖాళీలకు ఎనిమిది వాక్యాలిస్తారు, ఒకటి తప్పుగా పెడితే ఇంకొకటీ తప్పుతుంది. అందుకని ఐదు, ఆరు పార్టులు ముందు ముగించి నాలుగోది చివరికి ఉంచుకోవచ్చా? కంప్యూటర్‌పై రాసేవాళ్లు ఈ క్రమం పాటించారా?

రైటింగ్‌లో ఈమెయిల్ పర్వాలేదు, ప్రశ్నలో ఇచ్చిన నాలుగు నోట్స్‌కీ జవాబిస్తే చాలు. రెండో ప్రశ్నకు దాదాపు 100 పదాల్లో ఆర్టికల్ (వ్యాసం), కథల్లో ఒకటి ఎంచుకోవాలి. కథలో భూతకాల క్రియలు కలగాపులగమవుతాయి కనుక ఆర్టికలే నయమనుకుంటున్నాను. రెండూ దిద్దిన అనుభవమున్నవాళ్లు ఏమంటారు?