దిగులు: భయమా, బాధా?

గుంపులోని పెద్దలకు నమస్కారం. ఒక మాట గురించి అడగాలి.

తిరుపతిలో మేం నలుగురు స్నేహితులం కలిసి చిన్న సినిమా తీస్తున్నాం. స్టార్లు లేరు, పాటలు లేవు. పుత్తూరు దగ్గర ఒక పల్లె. మద్రాసు పోయిన కొడుకు మళ్లీ రాలేదు. అరక్కోణం లైన్లో రాత్రి రైలు చప్పుడు వినబడగానే అవ్వ చేతిలో పని ఆపేస్తుంది. రైలు దాటిపోయాక మళ్లీ అందుకుంటుంది. కథ అంతే. పేరు 'దిగులు'.

ఆ పేరు వినగానే, ఇంట్లో తమిళం మాట్లాడే నగరి మిత్రుడు "దెయ్యం సినిమానా?" అన్నాడు. తమిళంలో 'తిగిల్' అంటే గుండె ఝల్లుమనే భయం. హారర్ సినిమాను వాళ్లు 'తిగిల్ పడం' అంటారు. కన్నడంలో 'దిగిలు' అన్నా భయమే. మూడు భాషలు కలిసే మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పుట్టి కూడా నేనీ సంగతి ఎప్పుడూ గమనించలేదు.

అప్పటి నుంచి అదే ఆలోచన. తెలుగులోనూ ఆ భయం పూర్తిగా పోలేదు అనిపిస్తోంది. రిజల్ట్ ఏమవుతుందో అని దిగులు, వాన పడదేమో అని దిగులు. ఇవి ఇంకా జరగని వాటి గురించి. పోయినవాళ్లను తలుచుకుని దిగులు పడటమూ ఉంది. బాధకు ఈ రెండు వైపులూ లేవు. దుఃఖం అంటే జరగాల్సింది జరిగిపోయినట్టే. కొడుకు చనిపోయాడని తెలిస్తే పదకొండో రోజు, పన్నెండో రోజు అని చేయాల్సిన పనులుంటాయి. ఈ అవ్వకు ఆ కబురే రాలేదు. వస్తాడేమో అన్న ఆశ, రాడేమో అన్న భయం, రెండూ ఒక్క రైలు చప్పుడులోనే.

ఒకరు 'బెంగ' అని పెట్టమన్నారు. చక్కటి మాటే, కానీ నాకు హాస్టల్లో చేరిన పిల్లాడు గుర్తొస్తాడు. సెలవులకు ఇంటికొస్తే తీరిపోతుంది. దిగులుకు తెలంగాణలో అనే 'మనాది' నాకు చాలా ఇష్టం. మా అవ్వ నోట మాత్రం అది రాదు.

నిజానికి స్క్రిప్టులో నేను రాసింది "సాయంత్రమైతే బాధగా ఉంటుంది" అని. నటించిన అవ్వ ఆ ఊరావిడే. రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి తన మాటే అనేసింది: "పొద్దు గూకితే దిగులుగా ఉంటాది నాయనా." మేమెవరమూ కట్ చెప్పలేకపోయాం. సినిమాకు పేరు అక్కడే దొరికింది.

ఇప్పుడు తమిళ సబ్‌టైటిల్ దగ్గర ఆగిపోయాం. 'తిగిల్' అని రాస్తే అవ్వ దెయ్యానికి భయపడినట్టు ఉంటుంది. మిత్రుడు 'ఏక్కం' అంటున్నాడు. అందులో ఎదురుచూపు ఉంది, భయం లేదు. కుప్పం, నగరి వైపు రెండు భాషలూ మాట్లాడే ఇళ్లలో పెద్దవాళ్లు ఇలాంటప్పుడు ఏమంటారు? దయచేసి అడిగి, వాళ్లు అన్నది అన్నట్టే రాయండి.