‘పి’తో మొదలయ్యే ఇంగ్లిష్ మాటలు కలగాపులగం అవుతున్నాయి, ఎలా గుర్తుపెట్టుకోవాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఎస్‌ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) పరీక్షకి వొకాబులరీ అక్షరాల వరసలో చదువుతున్నాను. ‘పి’ దగ్గర ఇరుక్కుపోయాను. ప్రిస్క్రైబ్–ప్రొస్క్రైబ్, ప్రాసిక్యూట్–పర్సిక్యూట్, ప్రిసీడ్–ప్రొసీడ్, పర్‌స్పెక్టివ్–ప్రాస్పెక్టివ్... ఆప్షన్లలో రెండూ కనబడితే ఏది ఏదో తేలడం లేదు. తేడా పట్టుకునే దారి చెప్పగలరా?

జవాబు 1:
ముందు ఆ అక్షరాల వరస ఆపండి, తంటా అంతా దానితోనే. ఒకేలా కనిపించే రెండు మాటల్ని ఒకే పూట చదివితే ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. ఒకదాన్ని వారం పాటు వాక్యాల్లో వాడి, గట్టిపడ్డాకే రెండోది ముట్టుకోండి.

తర్వాత మాట మొదట్లో ఉన్న ముక్క చూడండి. లాటిన్‌లో ‘ప్రి’ అంటే ముందుగా, ‘ప్రో’ అంటే ముందుకి లేదా అందరి ఎదుట. ‘స్క్రైబ్’ అంటే రాయడం. డాక్టర్ మందులు రాసిచ్చేది ప్రిస్క్రైబ్. ప్రొస్క్రైబ్ అంటే నిషేధించడం. క్రీ.పూ. 82లో రోమ్‌లో సుల్లా అనే సేనాని తన శత్రువుల పేర్లు రాయించి బహిరంగంగా పెట్టించాడు. ఆ జాబితాకెక్కినవాణ్ని చంపినా నేరం కాదు, ఆస్తి జప్తు. పేపర్లో ‘ప్రొస్క్రైబ్డ్ ఆర్గనైజేషన్’ అంటే నిషేధిత సంస్థ.

ప్రాసిక్యూట్, పర్సిక్యూట్ రెండింట్లోనూ ‘వెంటపడటం’ ఉంది. కోర్టులో కేసు నడిపితే మొదటిది, పబ్లిక్ ప్రాసిక్యూటర్ గుర్తుంటే చాలు. మతమో, జాతో, అభిప్రాయమో నచ్చక వేధిస్తే రెండోది.

జవాబు 2:
ముక్కల పద్ధతి మంచిదే గానీ అన్నిచోట్లా పారదు. పర్‌స్పెక్టివ్ దగ్గర భాషాభాగం చూడటం మేలు. పరీక్షల్లో అది నామవాచకంగా వస్తుంది, దృక్కోణం అని. ప్రాస్పెక్టివ్ విశేషణం. ఖాళీ పక్కన ‘బయ్యర్’, ‘గ్రూమ్’ లాంటి మాటుంటే ప్రాస్పెక్టివే: కొనబోయేవాడు, కాబోయే పెళ్ళికొడుకు.

ప్రిసీడ్ అంటే ‘ముందు రావడం’ కాబట్టి మళ్ళీ ‘బిఫోర్’ తగిలించకండి, కర్మ నేరుగా వస్తుంది. ప్రొసీడ్ అంటే ముందుకి సాగడం. స్పెల్లింగ్‌లో చివర డబుల్ ఈ వచ్చేవి ప్రొసీడ్, సక్సీడ్, ఎక్సీడ్ మూడే. ప్రిసీడ్‌కి సి-ఈ-డి-ఈ. తిరకాసల్లా ప్రొసీజర్‌తోనే, అందులో మళ్ళీ సి తర్వాత ఒక్క ఈ!

ప్రశ్న వేసినవారు:
థాంక్సండీ. పర్సనల్, పర్సనెల్ సంగతి?

జవాబు 3:
పర్సనల్ అంటే సొంత, పర్సనెల్ అంటే సిబ్బంది. రెండోదానికి రెండు ఎన్‌లు, ఒక ఎల్, పలికేటప్పుడు ఊనిక ‘నెల్’ మీద. సిబ్బంది అనే అర్థంలో ‘ఆర్’ వస్తుంది, ‘ఈజ్’ కాదు. చివర ఎస్ కూడా తగిలించొద్దు. ఎర్రర్ స్పాటింగ్‌లో ‘పి’ మాటల్లో మరో ఉచ్చు ప్రిఫర్. ‘ఐ ప్రిఫర్ టీ టు కాఫీ’ అనాలి, ‘దేన్’ పెడితే మార్కు పోతుంది.