బట్టలు సరిగా లేని మనిషిని నోట్స్‌లో ఏమని రాయాలి?

గుంటూరుపిల్ల:
నమస్కారమండి. ఈమధ్యే ఇంగ్లండ్ వచ్చాను, మానసిక వైద్యం వార్డులో నర్సుని. డ్యూటీ దిగేముందు రాసే నోట్స్‌లో మొదట మనిషి ఎలా కనిపిస్తున్నాడో రాయాలి. చొక్కా గుండీలు ఒకదానివి ఇంకోదానికి పెట్టుకుని, ఒక కాలికి షూ, ఇంకో కాలికి చెప్పు వేసుకొచ్చే మనిషిని ఏమనాలి? డిక్షనరీలో షాబీ, స్క్రఫీ, అన్‌కెంప్ట్, డిషెవెల్డ్, స్లవన్లీ అన్నిటికీ దాదాపు ఒకటే అర్థం. రోజూ ఇదే టెన్షన్.

లీడ్స్‌అక్క:
చెల్లీ, పేషెంటు గురించి ఇక్కడ ఇంతకంటే ఎక్కువ రాయకు, ముందు అది.

షాబీ అనేది బట్టల పాతదనం. మోచేతుల దగ్గర అరిగిపోయిన కోటు శుభ్రంగా ఉతికి వేసుకున్నవాడూ షాబీయే. అది జబ్బు సంగతి చెప్పదు, జేబు సంగతి చెబుతుంది. డిషెవెల్డ్ అంటే జుట్టు రేగి, బట్టలు నలిగి ఉండటం. నిద్రలేచి నేరుగా వచ్చినా, గాలిలో నడిచొచ్చినా అలాగే ఉంటారు. అన్‌కెంప్ట్ అసలు దువ్వని తల గురించి పుట్టిన మాట, మన చింపిరి జుట్టు. ఇప్పుడు స్నానం, గోళ్ళు, గడ్డం అన్నీ పట్టించుకోనివాళ్ళకి వాడతారు. వార్డులో ఎక్కువ వినిపించేవి ఈ రెండే.

స్క్రఫీ ఇంట్లో మాట. మా అమ్మ ‘ఏంట్రా ఆ అవతారం’ అనేది చూడు, అదీ. నోట్స్‌లో వద్దు. స్లవన్లీ అసలే వద్దు, బద్ధకస్తుడని తిట్టినట్టు ఉంటుంది. తన రికార్డు అడిగి చదువుకునే హక్కు పేషెంటుకి ఉంది, అది గుర్తుపెట్టుకుని రాయి.

నన్నడిగితే ఒక మాట వేసి వెంటనే కంటికి కనిపించింది రాసేయ్: గుండీలు తప్పుగా పెట్టుకున్నారు, స్వెటర్ మీద ఎండిన గుడ్డు మరక, ఎండాకాలంలో రెండు కోట్లు. రేపొచ్చే డాక్టరు నిన్నటికీ ఇవాళ్టికీ తేడా పట్టుకునేది వీటితోనే.

గోదారోడు:
వానలో తడిసి బురద కొట్టుకుని వస్తే బెడ్రాగుల్డ్ అంటారండి. మాంచెస్టర్‌లో బస్సు కోసం నిలబడితే నాకు రోజూ పనికొచ్చే మాట.

గుంటూరుపిల్ల:
థాంక్స్ అక్కా. ఫ్రంపీ, డౌడీ కూడా విన్నాను, అవి రాయొచ్చా?

లీడ్స్‌అక్క:
వద్దమ్మా. రెండూ ఎక్కువగా ఆడవాళ్ళనే అంటారు, పైగా ఫ్యాషన్ తెలియదని వెక్కిరింత. ఎనభై ఏళ్ళావిడ పాత గౌను వేసుకుంటే నోట్స్‌కి ఏం పని? అదే గౌను వారం రోజులుగా మార్చుకోకపోతే అప్పుడు రాయాలి. తనని తాను పట్టించుకోకపోవడాన్ని ఇక్కడ సెల్ఫ్ నెగ్లెక్ట్ అంటారు, 2014 కేర్ యాక్ట్ గైడెన్స్‌లో కూడా అది ఉంది. అలాంటిది కనిపిస్తే నోట్స్‌లో రాసి ఊరుకోకు, ఆ షిఫ్ట్‌లోనే ఇన్‌ఛార్జికి చెప్పు.