యూనివర్సిటీ కర్బన ఉద్గారాలు తగ్గించాలి: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మా యూనివర్సిటీలో పర్యావరణ కమిటీ వేసి నన్ను కన్వీనర్‌ని చేశారు. మొదటి మీటింగ్‌లోనే మొక్కలు నాటుదామని ఒకరు, సోలార్ పెడదామని ఒకరు, ప్లాస్టిక్ మాన్పిద్దామని ఇంకొకరు. ఆరు నెలల్లో ఫలితం చూపించాలట. టెన్షన్‌గా ఉంది.

జవాబు: మొక్కలు నాటండి, కాదనను. కానీ ఆరు నెలల మొక్క పీల్చుకునే కార్బన్ ఎంత? ముందు ఏడాది కరెంటు, డీజిల్, గ్యాస్ బిల్లులు ముందేసుకుని కూర్చోండి. సంస్థల ఉద్గారాలు లెక్కగట్టే అంతర్జాతీయ పద్ధతి గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్; ఆ లెక్కలో మూడు స్కోప్‌లు, అంటే మూడు పద్దులుంటాయి. జనరేటర్లు, బాయిలర్లు, సొంత బస్సుల్లో మనం కాల్చేదీ, ఏసీల్లోంచి లీకయ్యే గ్యాసూ స్కోప్ 1. కొన్న కరెంటు స్కోప్ 2. విమాన ప్రయాణాలు, విద్యార్థుల రాకపోకలు, కొనుగోళ్లు, చెత్త స్కోప్ 3. చాలా చోట్ల ఈ మూడోదే పెద్దది, కానీ లెక్క తేలడానికి ఆరు నెలలు చాలవు. ఇప్పటికి కరెంటు పట్టుకోండి. ఆదివారం, అర్ధరాత్రి ఎంత కాలుతోందో చూడండి.

ప్రశ్న: చూశాను. సైన్స్ బ్లాకుకి మాత్రమే విడిగా మీటరుంది. అక్కడ రాత్రి కూడా వాడకం పెద్దగా తగ్గడం లేదు!

మరొకరి జవాబు: నేను ల్యాబ్‌లో పనిచేస్తాను, అది ఫ్యూమ్ హుడ్ల (ప్రయోగాల్లో వచ్చే రసాయన ఆవిర్లను బయటికి లాగే అద్దాల గూళ్ల) పనే అయ్యుంటుంది. ఏసీతో చల్లబరిచిన గాలిని లాగి బయటికి పారబోస్తుంటాయవి. పని లేనప్పుడు హుడ్ ముందువైపున్న అద్దం దించమనండి. అయితే గాలిని దానంతటదే తగ్గించుకునే రకం హుడ్లకే ఇది పనిచేస్తుంది, పాతవాటికి దించినా ఒకటే. ఆ గాలి లాగే ఫ్యాన్ వేగం 20 శాతం తగ్గితే అది తీసుకునే పవర్ దాదాపు సగమవుతుంది. కాకపోతే భద్రత చూసేవాళ్లను అడక్కుండా గాలి తగ్గించొద్దు, అది మనుషుల ఊపిరితో పని.

ఇంకోటి, ల్యాబ్ శాంపిల్స్ దాచే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లు. మైనస్ 70కి మారిస్తే సుమారు 30 శాతం కరెంటు మిగులుతుంది. ఏసీ గ్యాసూ మరిచిపోవద్దు: ఆర్-410ఎ ఒక్క కిలో లీకైతే రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. మా దగ్గర ఏటా గ్యాస్ నింపించేవాళ్లే తప్ప లీకెక్కడో వెతికినవాళ్లు లేరు.

ప్రశ్న: ఫ్రీజర్ మాటెత్తితే ప్రొఫెసర్లు కొట్టేలా ఉన్నారు. సోలార్ సంగతేంటి?

జవాబు: అందరినీ ఒప్పించక్కర్లేదు, ఒప్పుకునే ల్యాబ్ ఒకటి చాలు. అదీ శాంపిల్స్‌కి ఇబ్బంది లేదని వాళ్లే తేల్చాక. సోలార్ తప్పకుండా పెట్టండి, కానీ వృథా తగ్గించాక. అప్పుడు చిన్న ప్లాంటుతోనే సరిపోవచ్చు. స్లాబు కారుతుంటే ముందే బాగుచేయించండి, ప్యానెళ్లు పెట్టాక పాతికేళ్లు కదలవు.

ప్రశ్న అడిగినవారు: ఒక మేడమ్ ఒప్పుకున్నారు. ఫ్రీజర్‌కి ప్లగ్ మీటర్ పెట్టాం, వారం 80 మీద, వారం 70 మీద. రీడింగ్ వచ్చాక చెబుతాను. మొక్కల కార్యక్రమానికి మాత్రం అప్పుడే బ్యానర్ కూడా కొట్టించేశారు!