ప్లెయింట్‌లో లేని పాస్‌బుక్, జాబితాలో లేని సాక్షి: అడ్డుకోవడం ఎలా?

తెనాలి జూనియర్:
ప్రామిసరీ నోటు దావా, మనది ప్రతివాది తరఫు. ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన వివాదాంశాలు) ఫ్రేమై రెండు నెలలైంది. ఇప్పుడు వాది చీఫ్ అఫిడవిట్‌తో (ప్రమాణం చేసి రాసిచ్చే తన సాక్ష్యంతో) బ్యాంకు పాస్‌బుక్ జత చేశారు. ప్లెయింట్‌లో (దావా పత్రంలో) దాని ఊసే లేదు. నోటుకు దస్తూరి రాసినాయనను కూడా తెస్తామంటున్నారు, సాక్షుల జాబితాలో ఆయన పేరు లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 11 రూల్ 21 కింద దావా కొట్టేయమని అడగొచ్చా?

సివిల్ సైడ్:
ముందు పాస్‌బుక్ సంగతి. ఆర్డర్ 7 రూల్ 14(3) ప్రకారం కోర్టు అనుమతి లేనిదే దాన్ని సాక్ష్యంలోకి తీసుకోకూడదు. అంటే వాళ్లు ఐ.ఏ. (మధ్యంతర దరఖాస్తు) వేసి, ఆలస్యానికి కారణం అఫిడవిట్‌లో చెప్పాలి. ఐ.ఏ. లేకుండా సాక్ష్యపత్రంగా మార్క్ చేయబోతే అక్కడికక్కడే అభ్యంతరం చెప్పి, డిపొజిషన్‌లో (సాక్షి వాంగ్మూలం రికార్డులో) రాయించండి. ఊరుకుంటే అది ఎక్జిబిట్ ఎ-2 అయి కూర్చుంటుంది, అప్పీల్లో లేవనెత్తినా పెద్దగా ఫలితం ఉండదు.

ఐ.ఏ. వేస్తే కౌంటర్‌లో (మన జవాబులో) ఒకే మాట గట్టిగా పట్టుకోండి: పాస్‌బుక్ మొదటినుంచీ వాది చేతిలోనే ఉంది. "వెతికితే ఇప్పుడు దొరికింది" అంటే చాలదు. ఎక్కడ, ఎప్పుడు దొరికిందో చెప్పాలి. అయినా విచారణ ఇంకా మొదట్లోనే ఉంది కాబట్టి ఖర్చులు వేసి అనుమతించే అవకాశమే ఎక్కువ. అందుకే ఖర్చులతో పాటు, ఆర్డర్ 8 రూల్ 1ఎ(3) కింద మన కాగితాలు వేసుకునే అవకాశం కూడా అడగండి.

ట్రయల్ నోట్స్:
దస్తూరి ఆయన విషయంలో ఎక్కువ ఆశపెట్టుకోవద్దు. ఇష్యూలు తేలిన 15 రోజుల్లోపు జాబితా ఇవ్వాలని ఆర్డర్ 16 రూల్ 1 చెబుతుంది, నిజమే. సమన్లు కావాలంటే రూల్ 1(3) కింద తగిన కారణం చూపాలి. కానీ వాది తనంతట తానే సాక్షిని వెంటబెట్టుకొస్తే, సమన్లు లేకుండానే తేవచ్చని రూల్ 1ఎ ఉంది. జాబితాలో పేరు లేదన్న ఒక్క కారణంతో ఆపడం కుదరదని 1983లో మాంగే రామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అఫిడవిట్ కాపీ అదే రోజు చేతిలోపెట్టి క్రాస్ ఎగ్జామినేషన్ చేయమంటే మాత్రం వాయిదా అడగండి.

మీరడిగిన ఆర్డర్ 11 రూల్ 21 ఇక్కడ పనికిరాదు. ఇంటరాగేటరీలకో (రాతపూర్వక ప్రశ్నలకు జవాబులివ్వమని), డిస్కవరీకో (దగ్గరున్న పత్రాలు వెల్లడించమని), ఇన్‌స్పెక్షన్‌కో (వాటిని చూడనివ్వమని) కోర్టు ఆర్డర్ ఇచ్చి ఉండాలి, దాన్ని వాది ఉల్లంఘించి ఉండాలి. దాని కింద దావా పోతే అదే కాజ్ ఆఫ్ యాక్షన్ (దావాకు మూలమైన కారణం) మీద మళ్లీ వేయడానికి వీల్లేదు. అంత కఠినం కాబట్టే, కావాలని ధిక్కరిస్తేనే వాడాలని 1978లో బబ్బర్ సూయింగ్ మెషిన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

సివిల్ సైడ్:
ఒకటి మరిచాను. వాదిని క్రాస్‌లో నిలదీయడానికి దాచుకున్న కాగితం మీ దగ్గరుంటే దానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు, ఆర్డర్ 8 రూల్ 1ఎ(4) చూడండి. బోనెక్కిన వాదికీ ఇది వర్తిస్తుందని 2023 డిసెంబరులో మహమ్మద్ అబ్దుల్ వాహిద్ కేసులో తేలింది.