మ్యూజిక్ వీడియో: రెండో చరణానికి వచ్చేసరికి పెదవులు పాటతో ఎందుకు కలవడం లేదు?

ప్రశ్న: అరండల్‌పేట విద్యార్థి (గుంటూరు)

నమస్కారం. మేము గుంటూరులో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న విద్యార్థులం. మాలో ఒకరు రాయగా మరొకరు బాణీ కట్టిన పాటను 100 బీపీఎం (నిమిషానికి 100 బీట్లు) టెంపోలో రికార్డు చేసుకున్నాం. నిడివి మూడున్నర నిమిషాలు. దానికి వీడియో తీసి, మొదట కళాశాల వార్షికోత్సవంలో ప్రదర్శించి, ఆ తరువాత యూట్యూబ్‌లో పెట్టాలని అనుకుంటున్నాం. మా దగ్గర రెండు ఆండ్రాయిడ్ ఫోన్లు, ఒక ట్రైపాడ్, ఒక బ్లూటూత్ స్పీకరు, 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ మాత్రమే ఉన్నాయి.

ఎలా వస్తుందో చూద్దామని హాస్టల్ గదిలో పాట మొత్తాన్ని ఒకే షాట్‌గా తీసి, ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద అసలు ఆడియోతో జతచేశాం. పల్లవిలో పెదవుల కదలిక చక్కగానే సరిపోయింది గాని, రెండో చరణానికి వచ్చేసరికి తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. పైగా ట్యూబ్‌లైటు వెలుతురులో దృశ్యం మీద చారలు పాకుతున్నాయి. బ్లూటూత్ ఆలస్యమే దీనికంతటికీ కారణమని మా మిత్రుడి వాదన. అది నిజమేనా?

అలాగే షూటింగుకు ముందు కాగితం మీద ఎంతవరకు రాసుకోవాలో తెలియడం లేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర, మిర్చి యార్డులో తీయాలని, వీలైతే డ్రోన్ వాడాలని ఆశ. రెండో చరణానికి ముందు వచ్చే బీజీఎంలో ఒక పాత సినిమా పాట బాణీని కొన్ని సెకన్లపాటు మేమే వాయించాం. దానివల్ల ఇబ్బంది వస్తుందా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

గవర్నర్‌పేట ఎడిటర్ (విజయవాడ)

బ్లూటూత్‌ను అనుమానించనక్కర్లేదు. స్పీకరు ఎంత ఆలస్యంగా పలికినా, పాడేవారు తమ చెవికి వినిపించినదానికే పెదవులు కదుపుతారు, ఫోన్ మైకు కూడా ఆ శబ్దాన్నే పట్టుకుంటుంది. ఆ మైకు శబ్దాన్ని ఆధారం చేసుకుని అసలు పాటను జతచేసినంతవరకు బ్లూటూత్ ఆలస్యం ఎడిటింగులో కనిపించదు. ఒకవేళ అదే కారణమైతే తేడా మొదటి అక్షరం నుంచే ఉండేది గాని, మొదట సరిపోయి పోనుపోను పెరిగేది కాదు.

పోనుపోను పెరిగే తేడాకు మొదట చూడవలసింది ఫోన్ కెమెరానే. వెలుతురు తగ్గినప్పుడో, ఫోన్ వేడెక్కినప్పుడో చాలా ఫోన్లు సెకనుకు 30 ఫ్రేములని చెబుతూనే కాసేపు 30, కాసేపు 28 తీస్తుంటాయి. దీన్ని వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఆ ఫ్రేములన్నీ సమాన వ్యవధిలో ఉన్నాయనుకొని పేర్చుకుంటూ పోవడంతో దృశ్యం మెల్లగా శబ్దం నుంచి జారిపోతుంది. తీసేసిన క్లిప్పును ఇప్పుడు బాగుచేయాలంటే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో తెరిచి, వీడియో ట్యాబులో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ ఎంచుకొని మార్చుకోండి. మార్చిన ఫైలునే టైమ్‌లైన్ మీదికి తీసుకోండి. ఇకముందు తీయబోయేవాటికి బ్లాక్‌మ్యాజిక్ కెమెరా వంటి ఉచిత యాప్ మీ ఫోన్లలో పనిచేస్తుందేమో చూడండి. అందులో ఫ్రేమ్ రేటు, షట్టరు (ఒక్కో ఫ్రేము వెలుతురు తీసుకునే సమయం), వైట్ బ్యాలెన్స్ (వెలుతురు రంగుకు తగ్గ సర్దుబాటు) మూడింటినీ చేత్తో స్థిరం చేసుకోవచ్చు.

చారల సంగతి వేరు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కనుక పాత చోకు ఉన్న ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంది. ఫోన్ తనంతట తాను 1/60 వంటి షట్టరు పెట్టుకున్నప్పుడు ఆ హెచ్చుతగ్గులు చారలుగా కనిపిస్తాయి. సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు 1/50 గాని 1/100 గాని పెడితే ఆ బాధ చాలావరకు పోతుంది.

25 ఫ్రేములకు మీ విషయంలో ఇంకో లాభం ఉంది. 100 బీపీఎం అంటే ఒక బీటుకు 0.6 సెకను, అంటే కచ్చితంగా 15 ఫ్రేములు. నాలుగు బీట్ల బారుకు 60 ఫ్రేములు. కట్ ప్రతిసారీ బీటు మీదే పడేలా లెక్క చూసుకోవడానికి ఇంత అనుకూలమైన టెంపో అరుదుగా దొరుకుతుంది. 30 ఫ్రేముల్లోనైనా లెక్క కుదురుతుంది గాని, అప్పుడు కూడా షట్టరు 1/50 గాని 1/100 గాని పెట్టకపోతే చారల సమస్య తిరిగొస్తుంది.

పాటను ఎంపీ3గా కాకుండా 48,000 హెర్ట్జ్ వేవ్ ఫైలుగా తీసుకోండి; ఎంపీ3గా మార్చేటప్పుడు ఫైలు మొదట్లో రవ్వంత నిశ్శబ్దం చేరుతుంది. ఇంకొక మాట: క్లిప్పులను వాట్సాప్‌లో వీడియోగా పంపుకోవద్దు, అది కుదించి పారేస్తుంది. కేబుల్ వాడండి, కుదరకపోతే డాక్యుమెంటుగా పంపండి.

లయ లెక్కలు (విజయవాడ)

ఎడిటర్ గారు చెప్పిన బారు లెక్కతోనే ప్రణాళిక మొదలుపెట్టవచ్చు. మూడున్నర నిమిషాలంటే 210 సెకన్లు, బారుకు 2.4 సెకన్ల చొప్పున మీ పాట సుమారు 88 బార్లు. గూగుల్ షీట్స్‌లో బారుకు ఒక వరుస కేటాయించి, ఆ బారులో వచ్చే సాహిత్యం, కనిపించవలసిన దృశ్యం, చోటు, వేసుకునే బట్టలు, చేతిలో ఉండే వస్తువులు పక్కపక్క గడుల్లో రాయండి. దాన్నే చోటును బట్టి క్రమం మారిస్తే ఏ రోజు ఎక్కడ ఏమేమి తీయాలో షూటింగ్ జాబితా తయారవుతుంది. ఆకుపచ్చ చొక్కా మొదటి చరణంలోనూ చివరి పల్లవిలోనూ ఉందని అప్పుడే బయటపడుతుంది, లొకేషన్‌కు వెళ్లి ఇంటికి ఫోన్ చేయవలసిన పని ఉండదు.

అయితే పట్టిక చదివితే వీడియో కనిపించదు. అందుకే కెమెరా బయటికి తీయకముందే యానిమాటిక్ చేసుకోవాలి. ఫోన్‌తో ఆ చోట్ల మామూలు ఫోటోలు తీసి, ఫోటో లేనిచోట గీసిన బొమ్మనైనా పెట్టి, వాటిని పాట మీద ఎడిటింగ్ టైమ్‌లైన్‌లో పేర్చి మొత్తం చూడండి. రెండో బీజీఎం దగ్గర చూపించడానికి మీ దగ్గర ఏమీ లేదని, చివరి పల్లవిలో అదే ముఖం మరీ ఎక్కువసార్లు వస్తోందని ఆ ఫోటోల వరుసే చెబుతుంది. ఆ లోటు ఇంట్లో కూర్చొని పూడ్చుకోవడం తేలిక.

షూటింగులో వినిపించడానికి పాటను పల్లవి, మొదటి చరణం, రెండో చరణం అని విడివిడి ఫైళ్లుగా కోసి, ప్రతి ముక్కకు ముందు ఒక బారు పొడవున నాలుగు బీప్‌లు పెట్టండి. పాడేవారికి ఎత్తుకోవడం తెలుస్తుంది, ఎడిటింగులో ఆ బీప్ క్లాప్‌లాగా పనికొస్తుంది. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేరులో ఇది కాసేపటి పని.

కృష్ణలంక కెమెరా (విజయవాడ)

పై పట్టికతో నాకు సగమే ఏకీభావం. 88 వరుసలూ నింపుకొని వెళ్లిన విద్యార్థి బృందం లొకేషన్‌లో కాగితం చూసుకుంటూ నిలబడిపోతుంది. ఈలోగా వెలుతురు వెళ్లిపోతుంది. ముందు ఒకే చోట పాట మొత్తాన్ని దూరం నుంచి ఒకసారి, నడుము వరకు ఒకసారి, ముఖం మాత్రమే ఒకసారి పాడించి తీసిపెట్టుకోండి. మిగతా ఏ దృశ్యం చెడిపోయినా వీడియో నిలబడేది ఈ మూడు టేకుల మీదే. ఆ తరువాత పట్టికలో నిజంగా అవసరమైన కొన్ని షాట్లకు గుర్తు పెట్టుకొని వాటినే వెంటాడండి.

ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి తీయాలని చూడకండి. వాహనాల రాకపోకల మధ్య పాడేవారికి స్పీకరు వినపడదు, పోలీసులు నిలబడనివ్వరు. ఎగువనున్న దుర్గా ఘాట్ వైపు నుంచి చూస్తే సాయంత్రపు ఎండ నేరుగా 70 గేట్ల వరుస మీద పడుతుంది, బ్యారేజీ వెనకాల పెట్టుకుని తీయడానికి అదే మంచి చోటు. ఉండవల్లి గుహల ఆలోచన కూడా ఉంటే, అవి పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి కనుక ట్రైపాడ్‌తో వెళ్లేముందు అనుమతి తీసుకోండి.

నది ఒడ్డున ఇంకో చిక్కుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే ప్రయాణిస్తుంది. స్పీకరు పాడేవారి దగ్గర, కెమెరా 34 మీటర్ల దూరంలో ఉంటే శబ్దం మైకుకు పదో వంతు సెకను ఆలస్యంగా చేరుతుంది, అంటే రెండున్నర ఫ్రేములు. ఆ మైకు శబ్దాన్ని నమ్మి జతచేస్తే పెదవులు పాటకంటే ముందు కదులుతాయి. అలాంటి దూరపు షాట్లలో దృశ్యం రెండు మూడు ఫ్రేములు ఆలస్యంగా వచ్చేలా టైమ్‌లైన్ మీద కుడివైపుకు జరిపి కంటితో సరిచూడండి.

డ్రోన్ మీద మోజు వదులుకుంటేనే మేలు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో ముందుగా చూడాలి. 250 గ్రాములకు మించని నానో డ్రోనైనా రెడ్ జోన్‌లో అనుమతి లేకుండా ఎగరకూడదు. ఆ పరుగులు పెట్టే సమయంలో ఒక స్లోమోషన్ షాట్ తీసుకోండి. పాటను రెట్టింపు వేగంతో వినిపించి, 50 ఫ్రేముల్లో తీసి, 25 ఫ్రేముల టైమ్‌లైన్ మీద సగం వేగానికి తగ్గిస్తే జుట్టు, చున్నీ, నీళ్లు నెమ్మదిగా కదులుతాయి, పెదవులు మాత్రం పాటతో కలిసే ఉంటాయి. పాడేవారికి ముందు రోజు సాధన కావాలి.

లయ లెక్కలు (విజయవాడ)

మూడు టేకుల రక్షణ ఉండాలన్న మాట నిజమే, దాన్ని నేను చెప్పి ఉండవలసింది. కాని పట్టికను లొకేషన్‌కు తీసుకెళ్లమని నేననలేదు. అక్కడికి వెళ్లవలసింది దాన్నుంచి తీసిన జాబితా. సాహిత్యం లేని బీజీఎం భాగాలకు మాత్రం పాడే టేకులు అక్కరకు రావు, అక్కడ యానిమాటిక్ తప్ప వేరే దారి లేదు.

గుంటూరు న్యాయవాది

సినిమా బాణీ గురించి ఎవరూ చెప్పలేదు కనుక క్లుప్తంగా రాస్తున్నాను. 1957 కాపీరైట్ చట్టంలో సంగీత రచన మీద హక్కు వేరు, దాని సౌండ్ రికార్డింగు మీద హక్కు వేరు. మొదటిది స్వరకర్త జీవితకాలమంతా, మరణానంతరం మరో 60 ఏళ్లు ఉంటుంది; రెండోది విడుదలైన తరువాత 60 ఏళ్లు. మీరే వాయించారు కనుక రెండో హక్కుకు భంగం లేదు, మొదటిది మాత్రం అలాగే ఉంది. ఇన్ని సెకన్లలోపైతే ఫర్వాలేదన్న నియమం చట్టంలో ఎక్కడా లేదు. విద్యాసంస్థలో విద్యార్థులు, అధ్యాపకులు, తల్లిదండ్రుల ముందు జరిగే ప్రదర్శనకు 52వ సెక్షన్ కొంత వెసులుబాటు ఇస్తుంది గాని, యూట్యూబ్‌లో పెట్టడానికి అది వర్తించదు. హక్కులున్న పాటలను పోల్చి పట్టే యూట్యూబ్ ఏర్పాటు కంటెంట్ ఐడీ కూడా బాణీని గుర్తుపట్టగలదు. హక్కుదారు నుంచి రాతపూర్వక అనుమతి తెచ్చుకోండి, లేదా ఆ కొన్ని సెకన్లకు మీ మిత్రుడిచేతే కొత్త స్వరం కట్టించండి. పరంపరగా వస్తున్న జానపద బాణీ అయితే అభ్యంతరం ఉండదు, కాని అది ఏదో సినిమాకు మలచిన రూపం కాకూడదు.

అరండల్‌పేట విద్యార్థి (గుంటూరు)

అందరికీ కృతజ్ఞతలు. హ్యాండ్‌బ్రేక్‌లో మార్చాక చివరి వరకు పెదవులు కలిశాయి. బీజీఎం మళ్లీ కట్టిస్తున్నాం. ఇంకా రెండు అడ్డంకులున్నాయి. 4కే క్లిప్పులు మా ల్యాప్‌టాప్‌లో ఆగి ఆగి నడుస్తున్నాయి. యార్డు చూసిరావడానికి వెళ్లినప్పుడు తీసిన క్లిప్పుల్లో మిర్చి కుప్పలు కాయలుగా కనిపించక, ఎర్రరంగు పూసిన గోడలా ఉన్నాయి.

గవర్నర్‌పేట ఎడిటర్ (విజయవాడ)

ల్యాప్‌టాప్‌కు ప్రాక్సీలే (అసలు క్లిప్పులకు బదులు వాడే తేలికపాటి నకళ్లు) మందు. రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేరులో క్లిప్పులన్నిటికీ ప్రాక్సీ మీడియా తయారుచేయించి వాటితోనే ఎడిట్ చేయండి; ఎగుమతి చేసేటప్పుడు అసలు ఫైళ్లు వాడమని చెప్పండి. అదీ బరువైతే షాట్‌కట్ గాని కేడెన్‌లైవ్ గాని వాడండి, వాటిలోనూ ప్రాక్సీ సౌకర్యం ఉంది. వార్షికోత్సవ తెరకు, యూట్యూబ్‌కు 1080పీ సరిపోతుంది. సెకనుకు 8 మెగాబిట్ల లెక్కన మీ వీడియో సుమారు 210 మెగాబైట్లు అవుతుంది.

ఎండుమిర్చి ఎరుపు ఫోన్ సెన్సరుకు కష్టమైన రంగు. దృశ్యం మొత్తం మీద వెలుతురు సరిగ్గా ఉన్నట్టే కనిపించినా ఎరుపు ఛానెల్ ఒక్కటే నిండిపోయి కాయకూ కాయకూ మధ్య తేడా చెరిగిపోతుంది, ఒకసారి చెరిగాక తరువాత రంగులు దిద్దే కలర్ గ్రేడింగులో తిరిగి రాదు. తీసేటప్పుడే ఎక్స్‌పోజరు ఒక మెట్టు తగ్గించండి, వైట్ బ్యాలెన్స్ స్థిరం చేయండి, ఫోన్‌లో రంగులను గాఢం చేసే వివిడ్ మోడ్ తీసేయండి. నడినెత్తి ఎండలో కాకుండా ఉదయపు ఏటవాలు వెలుగులో తీస్తే ప్రతి కాయ కింద నీడ పడి కుప్పకు లోతు వస్తుంది. మార్కెట్ కమిటీ కార్యాలయంలో ముందుగా కళాశాల లెటర్‌హెడ్ మీద వినతిపత్రం ఇవ్వండి. పాడే షాట్లు మాత్రం యార్డు లోపల పెట్టుకోవద్దు. ఆ ఘాటుకు చరణం సగంలోనే దగ్గు అందుకుంటుంది. బస్తాలు, కాటా, తొడిమలు తుంచే చేతులు వంటివి లోపల తీసుకుని, పాట పాడేది గేటు బయట పెట్టుకోండి.