ఉగాది సభలో నికో కురెట్ అంశం: ఎవరు ఏ పని తీసుకుంటారో ఇక్కడ రాయండి

స్టేజీ బాధ్యత:
అందరికీ నమస్కారం. ఇక్కడ స్లోవేనియా రాజధాని లుబ్లియానాలో హాలు ఖాయమైంది. పంచాంగ శ్రవణానికీ భోజనాలకూ మధ్య పన్నెండు నిమిషాలు ఖాళీ ఉంది. ఆ టైమ్ ఇంకో డాన్సుకి ఇవ్వకుండా నికో కురెట్ గురించి చెబుదామని నా కోరిక. పిల్లల టీచర్లు, మన పక్కింటివాళ్లు చాలామంది వస్తున్నారు. వాళ్ల పండగల్ని ఏళ్ల తరబడి కూర్చుని రాసిపెట్టిన మనిషిని మనం గుర్తుచేసుకుంటే వాళ్లకి ఎంత సంతోషంగా ఉంటుందో ఆలోచించండి.

కురెట్ 1906లో ట్రియెస్టెలో పుట్టారు, 1995లో కన్నుమూశారు. జానపద ఆచారాల మీద పనిచేసిన ఎథ్నాలజిస్టు. పావ్లిహా అనే చేతి బొమ్మతో పిల్లలకు బొమ్మలాటలు కూడా నడిపారు. స్లోవేనుల పండగల ఏడాది గురించి ఆయన రాసిన పెద్ద పుస్తకం 1965 నుంచి 1970 దాకా నాలుగు భాగాలుగా వచ్చింది. అది జనవరితో కాదు, వసంతంతో మొదలవుతుంది. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి ఉగాది రోజు ఈయన గురించి చెప్పాల్సిందే అనిపిస్తోంది.

అలంకరణ:
మంచి ఆలోచన అక్కా. ఇక్కడి జానపద మాస్కు వేషం, కురెంట్ వేషం ఒకటి అద్దెకు తెచ్చి గుమ్మం దగ్గర పెడితే? గొర్రె చర్మం, నడుముకి గంటలు, కొమ్ములూ ఈకలూ. ఫొటోలకి జనం ఎగబడతారు.

స్టేజీ బాధ్యత:
తమ్ముడూ, అది మాత్రం వద్దు. స్లోవేనియాలోని ప్తుయ్ పట్టణం వైపు కురెంట్లు ఇంటింటికీ తిరిగేది ఫిబ్రవరి 2 నుంచి యాష్ వెన్స్‌డే (ఈస్టర్ ముందు ఉపవాస దినాలు మొదలయ్యే బుధవారం) దాకానే. చలిని తరిమి వసంతాన్ని పిలవడం వాళ్ల పని. ఉగాదినాటికి ఆ పని అయిపోతుంది. ఆ ఇంటింటి ఆచారాన్ని యునెస్కో 2017లో తన జాబితాలో చేర్చింది. హరిదాసు వేషాన్ని ఎవరైనా శ్రావణమాసంలో ఫొటోల కోసం నిలబెడితే మనకి ఎలా ఉంటుంది? కురెట్ 1984లో స్లోవేనియా ప్రాంతాల మాస్కుల మీదే ఒక పుస్తకం రాశారు. మాస్కుని అది పుట్టిన ఊరితో కలిపి చూపించాలని నా అభిప్రాయం.

ఇంకో మాట. కురెట్ మనిషి పేరు, కురెంట్ వేషం పేరు. పోస్టర్ అచ్చుకి వెళ్లేముందు ఇద్దరు చదివి చూడండి.

పిల్లల బృందం:
మరి పిల్లలు స్టేజీ మీద ఏం చేస్తారు అక్కా? ఉత్త ఉపన్యాసమైతే పది నిమిషాలు కూడా కూర్చోరు.

స్టేజీ బాధ్యత:
రెండు ఆచారాలు అనుకున్నాను. ఒకటి మార్చి 12, సెయింట్ గ్రెగరీ రోజు. క్రోపా, త్రిజిచ్ కమ్మరి ఊళ్లు. పగలు పొడుగవుతుంది, ఇక కొలిమి దగ్గర దీపం పెట్టుకుని పని చేయనక్కర్లేదు. అందుకని దీపాన్ని నీళ్లలోకి పంపేసేవాళ్లు. ఇప్పుడు పిల్లలు అట్టతో చిన్న చిన్న ఇళ్లు చేసి, లోపల కొవ్వొత్తి వెలిగించి వాగులో వదులుతారు. కార్తీకమాసంలో అరటి దొప్పల్లో మనం వదిలే దీపాలు గుర్తొస్తాయి కదా! కానీ రెండూ ఒకటేనని చెప్పొద్దు. మనది మొక్కు, వాళ్లది పని తెమిలిన సంబరం. ఆ తేడా చెబితేనే కథ బాగుంటుంది.

రెండోది ఏప్రిల్ 24, సెయింట్ జార్జ్ రోజు. స్లోవేనియాలోని బేలా క్రాయినా ప్రాంతంలో ఒక కుర్రాడికి ఒళ్లంతా పచ్చని కొమ్మలు కట్టి ఇంటింటికీ తిప్పుతారు. అతనే జెలెని యూరి, పచ్చని జార్జ్. ఏ ఏడాదైనా మన ఉగాది ఈ రెండు తేదీల మధ్యే పడుతుంది. ఈ ఒక్క వాక్యం మాత్రం పిల్లల చేత స్లోవేనియన్‌లో చెప్పించాలి. ఉచ్చారణకి వాళ్ల టీచర్‌ సాయం అడుగుదాం.

హాల్లో మంట పెట్టనివ్వరు కాబట్టి అట్ట ఇళ్లలో బ్యాటరీ దీపాలు పెడదాం. ముప్ఫై ఇళ్లు కావాలి.

వంటలు:
ఉగాది పచ్చడికి వేపపువ్వు ఎండుది ఇండియా నుంచి వస్తున్న అమ్మావాళ్లు తెస్తున్నారు. మామిడికాయ నేను చూసుకుంటా. మా పక్కింటావిడ పోతిత్సా చేసి తెస్తానంది, వాల్‌నట్లు పెట్టి చుట్టిన రొట్టె. మన బల్ల మీదే పెడదామా?

స్టేజీ బాధ్యత:
తప్పకుండా వదినా, పచ్చడి పక్కనే పెట్టండి. ఆవిడ ఇంట్లో దాన్ని ఏ పండక్కి చేస్తారో ఆవిడ మాటల్లోనే రాసి చీటీ పెడదాం.

అమ్మావాళ్లు వస్తున్నారన్నారు కదా, నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి అదే. కురెట్ పాత రాతలూ ఊళ్లవాళ్లు చెప్పినవీ ఓపిగ్గా పోగుచేశారు. స్లోవేనియాలో ఆచారాలను సినిమా కెమెరాతో పట్టి ఉంచినవారిలో ముందువరుసలో ఉన్నారు. మన చేతిలో ఫోన్ ఉండి కూడా మా అమ్మమ్మ ఏరువాక గురించి చెప్పినవి ఒక్కటీ రికార్డు చేయలేదు. ఆవిడ పోయి నాలుగేళ్లయింది. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

అందుకే స్టేజీ వెనక చిన్న గది అడిగాను. రెండు కుర్చీలు, ఒక ఫోన్. వచ్చిన పెద్దవాళ్లని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, చిన్నప్పుడు మీ ఊళ్లో ఉగాది ఎలా చేసేవారని అడుగుదాం. ఊరి పేరు, ఏ ఏడు, ఎవరు ఏం చేసేవారు అన్నీ చెప్పమందాం. మధ్యలో అడ్డుపడొద్దు. ముందే అనుమతి తీసుకుని, రికార్డింగ్ ఆ కుటుంబానికే ఇచ్చేద్దాం.

దీనికి తెలుగు బాగా మాట్లాడే ఇద్దరు కావాలి. మధ్యాహ్నమంతా ఆ గదిలోనే ఉండాలి, ప్రోగ్రాం చూడటం కుదరదు. అది తెలిసే పేరు ఇవ్వండి.

పిల్లల బృందం:
ఒకరు నేను. మొదట మా నాన్నగారినే కూర్చోబెడతాను.